గోడకూ మా నాన్నగారికీ ఒకే మాట

పోయిన నెల రెండో శనివారం ఉదయం తొమ్మిది గంటల పది నిమిషాలకు వట్లూరు కాలేజీ నుంచి ఒక ఇంగ్లీషు లెక్చరరు మా ఇంటికి వచ్చాడు. గంటలూ నిమిషాలూ ఎందుకని అడిగేవారికి ఒకటే సమాధానం: ఇంటికి వచ్చినవారి రాకపోకలను రాసిపెట్టుకోవడం నా అలవాటు. ఉద్యోగమంతా ఏలూరులో రికార్డు గదుల్లోనే గడిచింది కనుక ఆ అలవాటును మానుకోవలసిన అవసరం కలగలేదు. వచ్చిన కుర్రవాడు మర్యాదస్తుడే. చెప్పులు గుమ్మం బయట విడిచాడు, కూర్చోమన్నదాకా కూర్చోలేదు. పట్టణంలోని వృద్ధులను కొందరిని సత్కరిస్తున్నారట, అందులో నేనొకణ్ణట, సన్మాన పత్రం ఇంగ్లీషులో సిద్ధమైందట, ఒకసారి చూడమన్నాడు. చూశాను. మూడో వరుసలో ‘సెడ్యులస్’ అనే విశేషణం నన్ను ఉద్దేశించి కూర్చుని ఉంది. ఆ మాట నా ఎదుటికి మళ్లీ రావడానికి ఒక జీవితకాలం పట్టింది.

‘‘ఈ మాటకు అర్థం ఏమిటండీ?’’ అన్నాను.

‘‘చాలా గొప్ప మాటండీ అది.’’

‘‘గొప్పదే కావచ్చును. నేను అర్థం అడిగాను.’’

‘‘అంటే, మీలాంటి పెద్దలకి వేసే మాటేనండి. సభలో చదివితే బరువుగా ఉంటుందండి.’’

‘‘పోయినేడు ఎవరికి వేశారు?’’

‘‘డ్రిల్లు మాష్టారికి వేశామండి. చప్పట్లు బాగా కొట్టారండి.’’

‘‘నిఘంటువు చూశారా?’’

‘‘టైము లేదండి. సోమవారం ప్రింటుకి ఇచ్చెయ్యాలండి.’’

టైము లేదట. అతని బల్లమీద, అతని లైబ్రరీలో, బహుశా అతని పిల్లల పుస్తకాల సంచిలో కూడా నిఘంటువులున్న కాలమిది. చెయ్యి చాపితే అందుతుంది. ఒక్క మాట అర్థం కోసం నేను కొల్లేటి లంకనుంచి దోనె ఎక్కి, ఏలూరులో ఇద్దరు పెద్దమనుషుల గుమ్మాల దగ్గర నిలబడి, తాడేపల్లిగూడెం దాకా రైల్లో పోయివచ్చిన సంగతి అతనికి చెప్పాలనిపించలేదు. కాగితం నా దగ్గర ఉంచి వెళ్లమన్నాను. అతను పోయాక పెట్టె అడుగునుంచి నీలం అట్ట పుస్తకం తీశాను.

మా నాన్నగారు సత్యానందం మేష్టారు కొల్లేరు మధ్య ఒక లంకలో మిషను వారి పాఠశాలకు ఏకోపాధ్యాయుడు. లంక అంటే చుట్టూ నీళ్లు, నడుమ అరవై గడపలు, వాటన్నిటి మీదా ఎండుచేపల వాసన. ఆ వాసనకు అలవాటుపడినవారికి తక్కిన ప్రపంచమంతా ఏదో కొరవడినట్టు ఉంటుంది. బడికి ఆనుకుని ఉన్న రెండు గదులు మా ఇల్లు. తెల్లవారకముందే అమ్మ చెరువునీళ్లు బిందెలోకి పట్టి, చిల్లగింజ అరగదీసి కలిపి, మట్టి అడుగుకు దిగేదాకా మూతపెట్టి ఉంచేది. బిందె దగ్గరికి ఎవరైనా వెళితే, ‘‘కదపకండి, తేరుకోనివ్వండి’’ అనేది. నాన్నగారు ఈలోగా లాంతరు బుడ్డి తుడిచి, కరక్కాయ సిరా గిలకొట్టి, రేవుకు దిగేవారు. అక్కడ ఆయన పాతిన తాటిదూలం ఒకటి ఉండేది. దానిమీద అంగుళం అంగుళానికీ గాటు. నీరు ఏ గాటు దగ్గర ఉందో చూసి, ఇంటికి వచ్చి ముఖం తుడుచుకోకుండానే పుస్తకంలో రాసేవారు. ఎవరూ ఆయన్ని అడగలేదు. ఏ అధికారీ ఆ పుస్తకం చూడలేదు. జ్వరం వచ్చిన రోజున నన్ను భుజం పట్టుకుని రేవుదాకా నడిపించుకుపొమ్మన్నారు గాని మానలేదు.

‘‘కొల్లేటికి మీరేవన్నా కరణమా అండీ?’’ అని అమ్మ ఎగతాళి చేసేది.

‘‘కరణానికి దీని మట్టం తెలీదే’’ అనేవారు ఆయన. ‘‘ఏ పిల్లల్ని ఏ రోజు దోనె ఎక్కించకూడదో నాకు తెలియాలి కదా.’’

బడికి వచ్చే పిల్లల్లో సగంమంది చుట్టుపక్కల గుడిసెల నుంచి దోనెల మీద వచ్చేవారు. వలలు కట్టే రోజుల్లో రారు. ఆ రోజుల్లో నాన్నగారే పలకలు తీసుకుని వలల దగ్గరికి పోయేవారు. మోకాటిలోతు నీళ్లలో నిలబడి గుణింతం చెప్పడం నేను కళ్లారా చూశాను. చేప తగిలితే పాఠం ఆగేది, చేప బుట్టలో పడ్డాక అదే అక్షరం దగ్గర మళ్లీ మొదలయ్యేది.

ఇక తనిఖీల సంగతి. ఆ ప్రాంతపు బడులకు ఒక ఘనమైన ఆచారం ఉండేది. ఇన్‌స్పెక్టరుగారు ఒక లంకకు వస్తున్నారంటే పక్క లంక పిల్లల్ని దోనెల్లో ముందుగానే దింపి, తలకు నూనె రాసి, బెంచీల మీద ఇరికించేవారు. మర్నాడు అదే పిల్లలు, అదే నూనె, రెండో లంకలో. పేర్లు మాత్రం మారేవి. ఒక ఏడు ఒక పిల్లవాడు తన అసలు పేరు మరిచిపోయి అధికారి ఎదుట ఏడ్చాడని చెప్పుకునేవారు. దీన్ని మోసమని ఎవరూ అనలేదు. ‘బదులు’ అనేవారు, పొరుగింటి నుంచి పప్పు తెచ్చుకున్నట్టు. రెండో లంక బడిలో సుందరం మేష్టారు దీనికి ఆరితేరినవారు. ఆయన బడి మామూలు రోజుల్లో తాళం వేసి ఉండేది. ఆయన కోళ్ల పందేల దగ్గర ఉండేవారు. మా నాన్నగారు బదులు ఇవ్వరు, తీసుకోరు.

ఆ ఏడు మిషను యాజమాన్యం వారు రెండు లంకల బడుల్లో ఒకటి ఎత్తివేస్తామని, తనిఖీ రిపోర్టులు చూసి నిర్ణయిస్తామని ఉత్తరం రాశారు. అమ్మ ఆ ఉత్తరాన్ని రెండు రోజులూ చదివించుకుంది. మూడో రోజు అన్నం వడ్డిస్తూ అంది:

‘‘ఏవండీ, ఒక్క రోజుకి పాతికమందిని తెచ్చుకుంటే ప్రభువు ఏమీ అనుకోడండి.’’

‘‘ప్రభువు సంగతి కాదే. రేపు రిజిస్టరులో ఆ పేర్లు నా చేత్తో నేను రాయాలి. నా చెయ్యి నాకు తెలుసు.’’

‘‘బడి పోతే ఆ చెయ్యి ఏం చేత్తాదండి?’’

ఆయన పులుసులో ముల్లు ఏరి కంచం అంచున పెట్టారు. ఇన్‌స్పెక్టరు వచ్చిన రోజున మా బడిలో పదిహేడుగురు ఉన్నారు. అధికారి కొర్రమేను పులుసుతో భోజనం చేసి, రెండు ప్రశ్నలు వేసి, తనిఖీ పుస్తకంలో ఇంగ్లీషులో ఆరు వరుసలు రాసి, సుందరం మేష్టారు పంపిన దోనెలోనే రెండో లంకకు వెళ్లిపోయారు. ఆరు వరుసల్లో ఐదింటికి నాన్నగారు అర్థం చెప్పుకోగలిగారు. ఆరో వరుస ‘ఈ ఉపాధ్యాయుడు సెడ్యులస్ వ్యక్తి’ అని ముగిసింది. ఇంట్లో ఉన్న చిన్న నిఘంటువులో ఆ మాట లేదు.

సాయంత్రానికి ఊరంతా రేవు దగ్గర చేరింది. పెద్దకాపు అడిగాడు: ‘‘ఏం రాశారండి మేష్టారూ? మన బడి ఉంటాదాండి, పోతాదాండి?’’

‘‘ఒక మాట ఉందయ్యా. అది తేలితే తేలుతుంది.’’

‘‘తిట్టాండి, పొగడ్తాండి?’’

‘‘ఏలూరులో మావాడు ఉన్నాడుగా, కనుక్కుంటాడు.’’

నేను అప్పుడు ఏలూరులో పెద్దమ్మగారింట్లో ఉండి అయిదో ఫారం చదువుతున్నాను, సెలవులకు వచ్చాను. తెల్లవారి దోనె ఎక్కుతుంటే నాన్నగారు ఆ మాటను ఒక చీటీ మీద గుండ్రటి అక్షరాల్లో రాసి నా జేబులో పెట్టారు. ‘‘మంచైనా చెడైనా ఉన్నదున్నట్టు రాయి’’ అన్నారు.

ఏలూరు విద్వాంసుల గురించి నాకు ఉన్న అభిప్రాయం ఆ వారంలోనే స్థిరపడింది. నీలం పుస్తకానికి నాంది కూడా అప్పుడే. మొదట మా ఇంగ్లీషు మాష్టారిని అడిగాను. ఉత్తరీయం సర్దుకుంటూ, ‘‘ఒంటరి మాటకి అర్థం ఉండదోయ్. సందర్భం కావాలి’’ అన్నారు. సందర్భం చెప్పాను. ‘‘అలాంటి సందర్భంలో దానికి రకరకాల అర్థాలుంటాయి. ఇలాంటివి పరీక్షకి రావు, పో’’ అన్నారు. ఆయన వెనుక అలమారులో పెద్ద నిఘంటువు ఉన్నదని, దాని తాళంచెవి పోయి మూడేళ్లయిందని బంట్రోతు నాకు తరువాత చెప్పాడు. రెండోవారు పెద్దమ్మగారి వీధిలో ఉండే ప్లీడరుగారు. ఆయన చీటీని దూరంగా పట్టుకుని, దగ్గరగా పట్టుకుని, కనుబొమలు ముడిచారు.

‘‘ఇది మంచి మాట కాదబ్బాయ్. గవర్నమెంటు వారు ఇలాంటివి ఊరికే రాయరు. మీ నాన్నగారేమన్నా ఖద్దరు కడతారా?’’

‘‘ఆదివారం గుడికి మాత్రం కడతారండి.’’

‘‘అదిగో, మరి.’’

ఆ ‘అదిగో మరి’ విని నేను మూడు రాత్రులు సరిగా నిద్రపోలేదు. ఒక మనిషికి తెలియదన్న సంగతిని దాచుకోవడానికి ఇంకొకరి ఇంటి దీపాన్ని ఆర్పడం అంత సులువు. ఇద్దరి మాటలూ, తేదీలతో సహా, నా దగ్గర ఉన్నాయి.

తాడేపల్లిగూడెంలో పీటరుగారని రిటైరైన రైల్వే గార్డు ఒకరున్నారని, ఆయన దగ్గర రెండు సంపుటాల నిఘంటువు ఉందని పెద్దమ్మగారు చెప్పారు. ఉదయం పాసింజరులో కూర్చుని భీమడోలు, పూళ్ల దాటి గూడెంలో దిగాను. స్టేషను వెనుక పెంకుటిల్లు. ఆయన అరుగు మీద కూర్చుని, ఇక ఏ బండికీ ఊపనవసరం లేని పచ్చజెండాకు కుట్టు వేసుకుంటున్నారు. చీటీ అందించాను. ఒకసారి చూసి, ‘‘నాకు తెలీదు బాబూ. లోపలికి రా, చూద్దాం’’ అన్నారు.

ఇది చదివేవారికి ఆ రెండు మాటల్లో వింతేమీ కనిపించకపోవచ్చును. నాకు మాత్రం ఆ వారంలో ‘తెలీదు’ అన్న మొదటి మనిషి ఆయన. లోపల చెక్కపెట్టె మీద పరిచిన గుడ్డ తీసి, చేతులు కడుక్కుని, రెండో సంపుటం తెరిచారు. వేలుతో వరుస వెంట జరుపుతూ, చదివి, నాకు తెలుగులో చెప్పారు: ఎత్తుకున్న పనిని విడవకుండా, విసుగు లేకుండా, ఎవరూ చూడకపోయినా అదే శ్రద్ధతో రోజూ చేసేవాడు. నా కళ్లలో నీళ్లు తిరిగితే ఆయన చూడనట్టే ఊరుకున్నారు.

‘‘అర్థం అయింది కదా. ఇంక వాడుక విను’’ అన్నారు. ‘‘ఒక్క రోజు చెమటోడ్చినవాడికి ఈ మాట వెయ్యకూడదు. నెలంతా తిరిగి తిరిగి ఒకే పని చెయ్యాలి. మనిషికి వెయ్యొచ్చు, మనిషి చూపే శ్రద్ధకి వెయ్యొచ్చు, తేనెటీగకీ వెయ్యొచ్చు. బల్లకీ గోడకీ వెయ్యకూడదు. వాటికి శ్రద్ధేవిటి? తెలిసిందా?’’

‘‘తెలిసిందండి.’’

‘‘ఇంకా సగమే. ఆ మాటకి తగిన మనిషిని ఒకణ్ణి నువ్వు చూపించగలిగితే అప్పుడు మొత్తం తెలిసినట్టు. నీకెవరన్నా తెలుసా?’’

నేను పద్ధతిగల విద్యార్థిని. తొందరపడి జవాబు చెప్పడం నాకు ఇష్టం ఉండదు. ‘‘ఆలోచించి ఉత్తరం రాస్తానండి’’ అన్నాను. ఆయన నవ్వి, పోస్టుకార్డు ఒకటి నా చేతిలో పెట్టారు.

అర్థం రాసుకుని నేను లంకకు వెళ్లిన రోజున నాన్నగారు దాన్ని నాచేత రెండుసార్లు చదివించుకున్నారు. తరువాత లేచి రేవుకు వెళ్లారు, నీటిమట్టం ఉదయమే చూసినప్పటికీ. పెద్దకాపు వచ్చి అడిగితే, ‘‘పొగడ్తేనయ్యా’’ అన్నారు నేల చూస్తూ. అమ్మ ఆ పూట పొయ్యిమీద బెల్లం పాయసం పెట్టింది. బడి నిలుస్తుందని మేమందరం నమ్మాము. అటువంటి మాట రాసిన తరువాత ఎత్తివేయడానికి ఎవరికి చేతులొస్తాయని మా తర్కం.

యాజమాన్యం వారికి చేతులు వచ్చాయి. హాజరు తక్కువ కనుక మా బడిని ఎత్తివేసి, బెంచీలనూ నల్లబల్లనూ రెండో లంకకు అప్పగించమన్నారు. నాన్నగారికి గుండుగొలనులో సహాయోపాధ్యాయుడి పని. దసరా సెలవుల్లో నేనూ నాన్నగారూ నల్లబల్లను దోనెలో అడ్డంగా పెట్టుకుని రెండో లంకకు వెళ్లాము. ఆయన దారిపొడుగునా బల్ల తడవకుండా ఒక చేత్తో పైకెత్తి పట్టుకున్నారు. అప్పగింత రాసుకున్నాక సుందరం మేష్టారు తన తనిఖీ పుస్తకం తెచ్చారు.

‘‘అబ్బాయి గూడెందాకా పోయి అర్థం కనుక్కొచ్చాడటగా అండి. నాకూ అదే మాట రాశారండి ఇన్‌స్పెక్టరు దొరగారు. చదివి చెప్పు బాబూ, నేనూ వింటాను.’’

చదివాను. సుందరం మేష్టారు సెడ్యులస్ వ్యక్తి. అక్కడితో ఆగవలసింది. కింద ఇంకా ఉంది. ఈ బడిలో హాజరు సెడ్యులస్. తాగునీటి కుండ సెడ్యులస్. గోడలు సెడ్యులస్‌గా ఉన్నవి. పాత పుటలు తిరగేస్తే, ఆయన మా లంకకు రాని అంతకుముందు ఏటిదీ అదే వరుస. ఆ అధికారికి ఆ మాట ఎక్కడో దొరికింది, నోటికి బాగుంది, దొరికినచోటల్లా అతికిస్తూ పోయాడు. గార్డుగారు నేర్పిన వాడుక నా చెవిలో గంటలా మోగుతోంది. నేను ఒక్కొక్క వాక్యాన్ని పైకి చదివి, తప్పు ఎక్కడుందో వివరించి, చిట్టచివరికి అన్నాను: ‘‘కనుక ఈయనకి అర్థం తెలీదండి. మన పుస్తకంలో రాసిందానికీ విలువ లేదు నాన్నగారూ. గోడకి రాసిందే మీకూ రాశాడు.’’

సుందరం మేష్టారు దగ్గి, బయటికి పోయి ఉమ్మి వచ్చారు. నాన్నగారు ఆ గోడ వైపు తిరిగి కాసేపు చూశారు. పోయిన వరదకు ఆ లంకలో మట్టిగోడలన్నీ కూలితే అది ఒకటే మిగిలింది.

‘‘పోనీలేరా. అంత నీటికీ నిలబడిందిగా. దానికి తగునేమోలే’’ అన్నారు.

సుందరం మేష్టారు నవ్వారు, నాన్నగారూ నవ్వారు. నేను నవ్వలేదు. నాది న్యాయమైన కోపమని నాకు అప్పుడు గట్టి నమ్మకం. తిరుగు ప్రయాణంలో ఆయన దోనె అంచు నుంచి నీళ్లలో చెయ్యి ముంచి ఎంత లోతుందో చూస్తూ వచ్చారు. గుండుగొలను చేరాక అక్కడ కొల్లేరు లేదు కనుక ఇంటి వెనుక కాలువలో ఒక కర్ర పాతారు.

ఆ వారమే నీలం పుస్తకంలో ఐదు గళ్లు గీశాను. మాట, వాడినవారు, ఎవరిని గురించి, వాడినవారికి అర్థం తెలుసునా, తగునా. మొదటి వరుస మా నాన్నగారిది. నాలుగో గడిలో ‘తెలియదు’ అని రాసి, వాడినవాడికి తెలియనప్పుడు తగునా అనే ప్రశ్నే పుట్టదని తీర్మానించి, ఐదో గడిలో అడ్డగీత పెట్టాను. తరువాతి వరుసలు సుందరం మేష్టారు, హాజరు, కుండ, గోడ. వాటికీ అడ్డగీతలే. ఒకే స్కేలుతో గీసినవి, ఒకదానికొకటి తేడా లేదు. అధికారి గోడనూ మనిషినీ ఒకే మాటతో కొలిచాడని మండిపడిన నేను, అదే వారంలో ఆ రెంటినీ ఒకే గీతతో కొలిచాను. ఈ సంగతి నాకు తెలియడానికి ఇన్నేళ్లు పట్టింది. పీటరుగారి పోస్టుకార్డు ఆ పుటల మధ్యనే ఉంది. రాయలేదు. ఆయన పోయిన సంగతి కూడా ఎవరో చెబితే విన్నాను.

ఆ రోజులు గొప్పవని నేను అనను. అప్పటి ఇన్‌స్పెక్టరుకూ ఇప్పటి లెక్చరరుకూ తేడా పంచెకూ ప్యాంటుకూ ఉన్న తేడాయే. అప్పుడు నిఘంటువుకు తాళం వేసి ఉండేది, ఇప్పుడు దుమ్ము పట్టి ఉంది. మా వీధిలో ఇప్పుడు ప్రతివాడూ మహోన్నతుడే, ప్రతి పెళ్లి పత్రికా అపూర్వమే, పుట్టినరోజు బ్యానరు మీది పసివాడికి కూడా ఆరు విశేషణాలు. వాటిలో ఒక్కదాని బరువు మోసినవాడు ఆ బ్యానరు కట్టడానికి నిచ్చెన ఎక్కిన కూలివాడు ఒక్కడే.

లెక్చరరు సోమవారం ఉదయం ఎనిమిదింటికి కాగితం కోసం వచ్చాడు. మూడో వరుసలో మాటను నేను కొట్టేసి ఉంచాను.

‘‘తప్పు మాటాండీ?’’ అన్నాడు కంగారుగా.

‘‘మాట మంచిది. మనిషి తప్పు.’’

‘‘మరి ఆ ఖాళీలో ఏం వెయ్యమంటారండీ?’’

‘‘రికార్డు గదిలో పనిచేశాడు అని వేయండి. అది మీకూ తెలుసు, నాకూ తెలుసు.’’

అతను కాగితం మడుస్తూ, ‘‘ఇంతకీ ఆ మాటకి అర్థం ఏవిటండీ?’’ అన్నాడు. ఆ మాత్రం అడిగినందుకు కూర్చోమని, ఉన్నదున్నట్టు చెప్పాను. అతను జేబులోంచి పెన్ను తీసి అరచేతి మీద రాసుకున్నాడు.

అతను వెళ్లాక నీలం పుస్తకంలో చివరి వరుస చేర్చాను. మాట: సెడ్యులస్. వాడినవారు: కాలేజీ లెక్చరరు. ఎవరిని గురించి: నన్ను. అర్థం తెలుసునా: ఈ ఉదయం ఎనిమిది గంటల ఇరవై నిమిషాలనుంచి తెలుసును. తగునా: తగదు. తరువాత మొదటి పుటకు వెళ్లాను. మా నాన్నగారి వరుసలో ఐదో గడిలోని అడ్డగీతను కొట్టివేసి, దాని పైన, చోటు ఇరుకుగా ఉన్నందువల్ల చిన్న అక్షరాల్లో, ‘తగును’ అని రాసి, పక్కన నా పొట్టి సంతకమూ ఆనాటి తేదీయూ వేశాను. సిరా ఆరేదాకా పుస్తకం మూయలేదు.